చిన్న టెర్రియరా, పెద్ద వేటకుక్కా? ఎంపికకు ముందు అడగవలసిన ప్రశ్న

కుక్కను పెంచుకోవాలన్న నిర్ణయం కుదిరిన తరువాత చాలామంది మొదట తేల్చుకునేది పరిమాణం. ఒళ్లో పట్టే టెర్రియర్ అయితే ఇంట్లో ఇమిడిపోతుందని, తిండి తక్కువని, తిప్పే శ్రమ అంతగా ఉండదని ఒక లెక్క వేసుకుంటారు. మోకాలి పైదాకా వచ్చే వేటకుక్క అయితే చోటు కావాలి, బలం కావాలి, అనుభవం కావాలి అనేది రెండో లెక్క. ఈ లెక్కల్లో కొంత నిజం ఉన్నా, ఆ తరువాతి పది పన్నెండేళ్లు ఆ కుక్కతో జీవితం ఎలా సాగుతుందో చెప్పే అసలు సంగతి వీటిలో లేదు. ఆరు కిలోల కుక్క ఇల్లంతా తలకిందులు చేయడమూ, ముప్పై కిలోల కుక్క అలికిడి లేకుండా ఓ మూల పడుకుని ఉండటమూ కుక్కలతో మెలిగినవారికి కొత్త కాదు. ఆ జాతిని తరతరాలుగా ఏ పనికి ఎంచారు, ఆ పని చేసేటప్పుడు అది మనిషికి ఎంత దూరంలో ఉండేది, అక్కడ ఎవరి నిర్ణయం మీద నడిచేది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే ఈ తేడాకు కారణం దొరుకుతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో జరిగిన నక్కల వేటను చూస్తే ఇది తేటతెల్లమవుతుంది, ఎందుకంటే అక్కడ చిన్న టెర్రియర్, పెద్ద వేటకుక్క ఒకే పనిలో చెరో భాగం పంచుకున్నాయి. గుంపుగా వదిలిన ఫాక్స్‌హౌండ్లు వాసన పట్టుకుని నక్కను మైళ్ల దూరం తరిమేవి. గుర్రాల మీది మనుషులు వాటి అరుపులను ఆనవాలుగా చేసుకుని వెనక వెళ్లేవారు. నక్క బొరియలో దూరిందంటే హౌండ్ల పని అక్కడితో ఆగిపోయేది. అప్పుడు టెర్రియర్‌ను లోపలికి వదిలేవారు. నేల అనే అర్థమున్న ‘టెర్రా’ అనే లాటిన్ మాటలోనే ఆ పేరుకు మూలం ఉంది. వెనక్కి తిరగడానికైనా చోటు లేని చీకటి సొరంగంలో, పళ్లు బయటపెట్టి ఎదురుతిరిగిన జంతువు ముందు నిలబడి, ముందుకు వెళ్లాలో ఆగాలో, మొరిగి పైనున్నవారికి జాడ తెలపాలో ఆ కుక్క ఒక్కటే తేల్చుకోవాలి. పైనుంచి యజమాని ఎంత పిలిచినా అక్కడ ప్రయోజనం ఉండదు.

జాక్ రస్సెల్ టెర్రియర్‌కు పేరు ఇచ్చిన జాన్ రస్సెల్ (1795-1883) డెవన్ ప్రాంతపు చర్చి పురోహితుడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819లో, ఒక పాలవాడి దగ్గర ‘ట్రంప్’ అనే ఆడ టెర్రియర్‌ను చూసి కొన్నాడు. ఆయన పెంచిన సంతతికి అదే మొదలు. నక్కను బొరియలోనే చంపేసే టెర్రియర్ ఆయనకు అక్కరలేదు. నక్కను బయటికి తోలాలి, హౌండ్లు మళ్లీ వెంటపడాలి. అంటే ఆ చిన్న కుక్కలో తెగువ ఉండాలి, ఆ తెగువకు ఒక హద్దూ ఉండాలి. శరీరపు కొలతలు కూడా ఈ పనే నిర్ణయించింది. నేటికీ టెర్రియర్లను ఎంచేవారు ముందుకాళ్ల వెనక ఛాతీని రెండు చేతులతో చుట్టి చూస్తారు. చేతులకు అందని ఛాతీ బొరియలో ఇరుక్కుంటుంది. జాక్ రస్సెల్ ప్రమాణంలో, అంటే ఆ జాతి కుక్క ఎలా ఉండాలో చెప్పే అధికారిక వివరణలో, ఈ చుట్టుకొలత 40 నుంచి 43 సెంటీమీటర్లు, ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు సుమారు 5 నుంచి 6 కిలోలు. బోర్డర్ టెర్రియర్ ప్రమాణమైతే అది గుర్రం వెంట పరుగెత్తగలగాలని కూడా చెబుతుంది. బొరియలో పట్టేంత చిన్న దేహం, గుర్రాన్ని అందుకునేంత ఓపిక రెండూ ఒకే కుక్కలో ఉండాలన్నమాట. చిన్న కుక్క కాబట్టి కొద్ది నడకతో సరిపెట్టుకుంటుందన్న నమ్మకానికి ఈ ఒక్క వాక్యమే సమాధానం.

కుక్కలతో అడవి క్షీరదాలను వేటాడటాన్ని నిషేధిస్తూ 2004లో వచ్చిన చట్టం 2005 ఫిబ్రవరి 18 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలులోకి వచ్చింది. పని చాలావరకు పోయింది గానీ, ఆ పనికోసం పోగుచేసిన స్వభావం పోలేదు. ఇంట్లో అది వేరే రూపాల్లో బయటపడుతుంది. పెరటి మట్టిలో ముక్కు పెట్టి ఒకేచోట గంటసేపు తవ్వే టెర్రియర్ మొండికేయడం లేదు. తన తాతముత్తాతలను ఏ గుణం కోసం ఎంచుకున్నారో ఆ గుణాన్నే చూపిస్తోంది. కీచుమనే బొమ్మను నోట కరచి మెడ అటూ ఇటూ విదిలించడం ఎలుక వెన్ను విరిచే కదలికే. తలుపు చప్పుడుకు ఎడతెగకుండా మొరగడం, బొరియలోంచి పైకి జాడ చెప్పిన గొంతుకు కొనసాగింపు. పిలిస్తే రాకపోవడం కూడా ఈ కోవలోదే. ఎర కనిపించినప్పుడు వెనక్కి తిరిగి మనిషి ముఖం చూసే టెర్రియర్ ఆనాటి వేటగాడికి పనికిరానిది, అందుకే అలాంటివాటిని తరువాతి తరానికి ఉంచుకోలేదు.

‘పెద్ద వేటకుక్క’ అన్న మాటకు వస్తే, అది ఒక రకాన్ని సూచించదు. కనీసం మూడు వేరువేరు స్వభావాలు ఆ మాట కింద దాగి ఉన్నాయి, వాటిని కలిపి మాట్లాడటం వల్లనే ఎంపికలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మొదటివి తుపాకీ వేటగాడి వెంట నడిచేవి: పాయింటర్లు, సెట్టర్లు, స్పానియళ్లు, రిట్రీవర్లు. ఇవి మనిషికి తుపాకీ గుండు అందే దూరంలో, అతని చేతి సైగనూ ఈల శబ్దాన్నీ గమనిస్తూ పనిచేశాయి. పాయింటర్ పక్షిని పసిగట్టిన చోట ఒక కాలు ఎత్తి బిగుసుకుపోయి నిలబడాలి, మనిషి వచ్చేదాకా కదలకూడదు. రిట్రీవర్ పడిన పక్షిని పళ్లు దిగకుండా తెచ్చి చేతికివ్వాలి. గోల్డెన్ రిట్రీవర్ పుట్టుక ఇందుకు మంచి ఉదాహరణ: స్కాట్లండ్ కొండసీమలోని గీసాకన్ ఎస్టేటులో, తరువాతి కాలంలో లార్డ్ ట్వీడ్‌మౌత్ అయిన డడ్లీ మార్జరీబ్యాంక్స్ 1868లో ‘నూస్’ అనే పసుపు రంగు రిట్రీవర్‌ను ‘బెల్’ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్‌తో కలిపి ఆ వంశానికి నాంది పలికాడు. నీటిలో దూకి పక్షిని తేవడం, తెచ్చినదాన్ని మారాం చేయకుండా అప్పగించడం ఆయనకు కావలసిన గుణాలు. తనకు దొరికినదాన్ని వదులుకోవడానికి సిద్ధపడే కుక్క అంటే, మనిషి మాటకు తన కోరిక కంటే ఎక్కువ విలువ ఇవ్వగల కుక్క. ఇంటికి ఇంతకంటే అనువైన గుణం మరొకటి అరుదు.

రెండోవి వాసన పట్టి తరిమే జాగిలాలు: ఫాక్స్‌హౌండ్, బ్లడ్‌హౌండ్, కూన్‌హౌండ్ వంటివి. ఇవి మనిషి కంటికి కనిపించనంత దూరంలో, గుంపులో తోటి కుక్కలను అనుసరిస్తూ పనిచేశాయి. సాటి కుక్కలతో కలుపుగోలుగా ఉంటాయి, మనుషుల పట్ల సాధారణంగా సౌమ్యంగా ఉంటాయి. కానీ ముక్కుకు వాసన తగిలాక చెవులు మూసుకుపోయినట్టే ప్రవర్తిస్తాయి. వీటి కూత దూరానికి వినబడాలనే ఉద్దేశంతో పెంచినది కాబట్టి గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో అది పెద్ద సమస్య. మూడోవి చూపుతో వేటాడే గ్రేహౌండ్, సలూకీ వంటి జాగిలాలు. గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తుతుంది, కానీ ఆ పరుగు కొద్దిసేపే. మిగిలిన రోజంతా మెత్తటి చోటు చూసుకుని నిద్రపోతుంది. పరిమాణం చూసి భయపడేవారికి తెలియని విషయం ఇదే: చిన్న ఇంట్లో జాక్ రస్సెల్ కంటే గ్రేహౌండే తక్కువ చోటు వాడుకున్నట్టు అనిపిస్తుంది. అయితే కంచె లేని మైదానంలో గొలుసు విప్పితే, దూరంగా కుందేలు కదిలిన మరుక్షణం అది ఎవరి పిలుపుకూ అందదు.

ఈ తేడాలన్నిటినీ ఒకే తాటి మీద చూపడానికి కుక్క ప్రవర్తనను అధ్యయనం చేసేవారు వేటను దశలుగా విడగొడతారు: ఎర ఉనికిని గుర్తించడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టి కరవడం, చంపే కాటు వేయడం, చీల్చడం, తినడం. తోడేలులో ఈ వరుస పూర్తిగా ఉంటుంది. మనిషి ఒక్కో జాతిలో కొన్ని దశలను పెంచి, కొన్నిటిని అణచాడు. పాయింటర్‌లో పొంచి ఉండే దశ శిల్పంలా గడ్డకట్టింది. రిట్రీవర్‌లో పట్టడం ఉంది, చంపే కాటు బాగా తగ్గింది. చూపుతో వేటాడే జాగిలంలో తరమడమే ప్రాణం. టెర్రియర్‌లో మాత్రం చివరి దశలు, అంటే పట్టడం, విదిలించడం, చంపడం దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంట్లో కుందేలో, హామ్‌స్టరో, పంజరంలో పక్షో ఉంటే ఈ తేడా మాటల్లో చెప్పుకునే విషయంగా మిగలదు. కలిసి పెరిగిన పిల్లితో టెర్రియర్ స్నేహంగా ఉండవచ్చు, కానీ అదే కుక్క పక్కింటి పిల్లి పరుగెత్తితే స్నేహాన్ని గుర్తుచేసుకోదు. చిన్న జంతువుల దగ్గర టెర్రియర్‌ను ఒంటరిగా వదలకపోవడమే మంచిది, ఎంత సాధువుగా కనిపించినా సరే.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి జాతి పేరు వినగానే కుక్క స్వభావం చెప్పేయవచ్చని అనుకోవడం మాత్రం తప్పు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానుల సమాధానాలను, రెండు వేలకు పైగా కుక్కల జన్యు వివరాలను పరిశీలించి, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాలలో జాతి వివరించగలిగినది సుమారు 9 శాతమేనని తేల్చింది. ఇది పై వాదాన్ని కొట్టివేస్తుందా అంటే, పూర్తిగా కాదు. మనిషి సూచనలకు స్పందించే గుణంలో జాతి ప్రభావం మిగిలిన గుణాలకంటే ఎక్కువగా కనిపించిందని అదే పరిశోధన చెప్పింది. ఎంపికలో ఎక్కువ బరువు ఇవ్వవలసినది కూడా ఆ గుణానికే. కోపం, భయం వంటి వాటిలో మాత్రం జాతి కంటే పెంపకమూ, తొలి వారాల అనుభవమూ, ఆ ఒక్క కుక్క సొంత తీరూ ముఖ్యమవుతాయి. ఒకే జాతిలోనూ వంశాలు వేరు. పని కోసం పెంచే లాబ్రడార్ వంశాలు సన్నగా, చురుకుగా, విశ్రాంతి తెలియనట్టు ఉంటే, ప్రదర్శనల కోసం పెంచే వంశాలు బరువుగా, నిదానంగా ఉంటాయి. అందువల్ల ‘లాబ్రడార్ కావాలి’ అనడం సగం నిర్ణయమే అవుతుంది.

వ్యాయామం దగ్గర తుపాకీ వేట జాతులను తక్కువగా అంచనా వేయడం బహుశా అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ మగవి 62 నుంచి 66 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. రోజంతా పొలాలు చుట్టి రావడానికి తయారైన దేహం అది. కుక్క జాతులను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతికీ, లాబ్రడార్‌కూ రోజుకు రెండు గంటలకు మించి వ్యాయామం కావాలని చెబుతుంది. వానలోనూ, జ్వరం వచ్చిన రోజునా, పని ఒత్తిడి ఉన్న వారంలోనూ ఆ రెండు గంటలు ఎవరు ఇస్తారన్నది కుక్కపిల్లను చూడకముందే ఇంట్లోవారు మాట్లాడుకోవలసిన విషయం. ఆ సమయం దొరకని పాయింటర్ సోఫా చీల్చడం, గదిలో గుండ్రంగా తిరగడం, కనిపించిన ప్రతిదాన్నీ నోట కరవడం మొదలుపెడితే అది చెడ్డ కుక్క అయిపోదు. టెర్రియర్ విషయంలో లోటును కొంతవరకు ఇంట్లోనే పూడ్చవచ్చు. ఇసుక నింపిన గుంటలో బొమ్మలు పాతి తవ్వించడం, అట్టపెట్టెల్లో తిండి దాచి వెతికించడం, తాడు లాగే ఆట ఆడించడం వల్ల దాని మనసు బాగా అలసిపోతుంది. అయినా నడక తప్పదు. గొలుసు లాగే విషయంలో మాత్రం పరిమాణానికి నిజమైన విలువ ఉంది: ఆరు కిలోల కుక్క లాగితే విసుగు కలుగుతుంది, ముప్పై కిలోల కుక్క లాగితే మనిషి పడిపోతాడు. వయసు మళ్లినవారు, మోకాళ్లు, నడుము నొప్పి ఉన్నవారు దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

కంచె గురించి ఒక్క మాట. పెద్ద వేటకుక్కకు కంచె ఎత్తుగా ఉండాలి, టెర్రియర్‌కు కంచె లోతుగా ఉండాలి. నేలలోకి దిగని కంచె కింద నుంచి టెర్రియర్ దారి చేసుకుంటుంది.

చిన్న పిల్లలున్న ఇళ్లలో చిన్న కుక్కే క్షేమమన్న భావన విస్తారంగా ఉంది, దాన్ని జాగ్రత్తగా చూడాలి. 2008లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు యజమానుల సమాధానాల ఆధారంగా ప్రచురించిన అధ్యయనంలో, మనుషులను కరిచిన లేదా కరవబోయిన కుక్కల శాతం ఎక్కువగా కనిపించిన జాతుల్లో చిన్న జాతులైన డాక్స్‌హుండ్, చివావాలతో పాటు జాక్ రస్సెల్ కూడా ఉంది. చిన్న కుక్క కాటుకు ఆసుపత్రికి వెళ్లేవారు తక్కువ కాబట్టి ఈ సంగతి లెక్కల్లోకి ఎక్కదు. టెర్రియర్‌లో తనను ఎత్తి నలపడాన్ని, తోక పట్టి లాగడాన్ని సహించే ఓర్పు సాధారణంగా తక్కువ. నొప్పికి వెనక్కి తగ్గకుండా ఎదురుతిరగడమే బొరియలో దానికి అప్పగించిన పని. రిట్రీవర్‌లో ఓర్పు ఎక్కువైనా, ఏడాది వయసున్న రిట్రీవర్ సంతోషంతో తోక ఊపినా మూడేళ్ల పిల్లవాడు కింద పడతాడు. ఒకటి కాటు ప్రమాదం, రెండోది తాకిడి ప్రమాదం. రెండో ప్రమాదం కుక్కకు రెండు మూడేళ్లు వచ్చేసరికి తగ్గుతుంది. మొదటిది పిల్లవాడు కుక్కను గౌరవించడం నేర్చుకునేదాకా ఉంటుంది. ఏ జాతి అయినా పసిపిల్లలతో ఒంటరిగా వదలకూడదన్న నియమం మాత్రం మారదు.

పెరుగుదల విషయంలో రెండిటికీ ఎంతో తేడా ఉంది. టెర్రియర్ పది నెలలకు దాదాపు పూర్తి పరిమాణానికి వస్తుంది. పెద్ద జాతి ఎముకలు ఏడాదిన్నర వరకు పెరుగుతూనే ఉంటాయి, ఆ కాలంలో తిండి ఎక్కువైనా, కాల్షియం ఎక్కువైనా, గట్టి నేల మీద పదేపదే దూకించినా కీళ్లు దెబ్బతింటాయి. బలంగా పెరగాలని కుక్కపిల్లకు విడిగా కాల్షియం పెట్టడం ప్రేమతో చేసే హాని. సంతాన నిరోధక శస్త్రచికిత్స ఎప్పుడు చేయించాలన్న ప్రశ్నకు కూడా పరిమాణంతో సంబంధం ఉంది: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు గోల్డెన్ రిట్రీవర్లలో ఏడాదిలోపు చేయించిన శస్త్రచికిత్సకూ కీళ్ల వ్యాధులకూ సంబంధం చూపారు, చిన్న జాతుల్లో అలాంటి పెరుగుదల వారికి కనిపించలేదు. దీన్ని పశువైద్యునితో మాట్లాడి ఆ కుక్కకు తగినట్టు నిర్ణయించుకోవాలి.

తిండి ఖర్చును బరువుతో గుణించడం సరికాదు. విశ్రాంతిగా ఉన్న కుక్కకు రోజుకు కావలసిన శక్తిని, దాని బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణించి అంచనా వేస్తారు. ఆరు కిలోల టెర్రియర్‌కు అది సుమారు 268 కిలో కేలరీలు, ముప్పై కిలోల వేటకుక్కకు సుమారు 897. బరువు అయిదింతలైనా తిండి మూడింతల పైచిలుకే. మామూలుగా తిరిగే కుక్కకు ఈ అంకెలను ఒకటిన్నర రెట్లకు పైగా పెంచాలి, పనిచేసే కుక్కకు ఇంకా ఎక్కువ. కానీ మందుల మోతాదు చాలావరకు నేరుగా బరువుతోనే పెరుగుతుంది. పేలు, గోమార్ల మందు, మత్తుమందు, నొప్పి మాత్రలు, శస్త్రచికిత్స తరువాతి చికిత్స అన్నీ పెద్ద కుక్కకు బరువెక్కుతాయి. ఖర్చులో అసలు అంతరం గిన్నెలో కంటే మందుల చీటీలో ఎక్కువ.

తిండి విషయంలో లాబ్రడార్ కథ విడిగా చెప్పుకోదగినది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో, ఆకలి తీరిందన్న సంకేతంలో పాలుపంచుకునే పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించిన లాబ్రడార్లు చాలా ఉన్నాయని, దాదాపు ప్రతి నాలుగింటిలో ఒకటి ఆ లోపాన్ని మోస్తోందని చూపారు. అంటే ఆ లోపం ఉండి, ఎదుట కూర్చుని కళ్లతో అడుక్కునే లాబ్రడార్ నటించడం లేదు, దానికి నిజంగా ఆకలి తీరడం లేదు. అయినా ఇవ్వకపోవడమే దానికి మేలు. పెంపుడు జంతువుల ఆహారం తయారుచేసే ప్యూరినా సంస్థ 48 లాబ్రడార్లను జీవితకాలమంతా గమనించిన అధ్యయనంలో, జతలోని ఒక కుక్కకు రెండోదానికంటే పావు వంతు తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు, కీళ్ల వ్యాధి కూడా సన్నటివాటిలో ఆలస్యంగా మొదలైంది. దాదాపు రెండేళ్ల జీవితం కేవలం గిన్నె కొలతలో ఉందన్న సంగతి పెద్ద వేటకుక్కను కోరుకునే ప్రతి ఇంటికీ తెలియాలి.

వ్యాధుల పట్టికలు చదివి భయపడనక్కరలేదు గానీ, ఏవి అడగాలో తెలియాలి. పెద్ద జాతుల్లో తుంటి కీలు, ముంగాలి మోచేతి కీలు సరిగా అమరకపోవడం ముఖ్య సమస్య. తల్లిదండ్రులకు ఎక్స్‌రే తీయించారా, ఫలితం ఏమిటి అని అడిగితే మంచి పెంపకందారు కాగితం చూపుతాడు, చూపనివాడి దగ్గర నుంచి లేచి వచ్చేయడం మంచిది. అమెరికాలోని ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ 24 నెలలు నిండాకే తుంటి కీలుకు తుది ధ్రువీకరణ ఇస్తుంది, కాబట్టి అంతకంటే చిన్న వయసులో పిల్లలను కన్న తల్లికి ఆ కాగితం ఉండే వీలు లేదు. లోతైన ఛాతీ ఉన్న సెట్టర్లు, వైమరానర్ల వంటి వాటిలో పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. వాంతి చేయబోయి ఏమీ రాకపోవడం, పొట్ట డోలులా బిగియడం, కుదురు లేకుండా తిరగడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. అది గంటల్లో ప్రాణం తీసే స్థితి. టెర్రియర్లలో మోకాలి చిప్ప పక్కకు జారడం, దంతాల చుట్టూ చిగుళ్ల వ్యాధి తరచుగా కనిపిస్తాయి. చిన్న దవడలో పళ్లు ఇరుకుగా ఉండటం వల్ల బ్రష్ చేయడం చిన్న కుక్కకే ఎక్కువ అవసరం. జాక్ రస్సెల్ వంటి కొన్ని టెర్రియర్లలో కంటి కటకం స్థానం తప్పే వంశపారంపర్య వ్యాధి ఉంది, సకాలంలో చూపించకపోతే గుడ్డితనం వస్తుంది. దానికి జన్యు పరీక్ష అందుబాటులో ఉంది. వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్‌కు చర్మపు అలర్జీలు ఎక్కువ, స్కాటిష్ టెర్రియర్‌కు మూత్రాశయ క్యాన్సర్ ప్రమాదం ఇతర జాతులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

చిన్న కుక్క ఎక్కువ కాలం బతుకుతుందన్నది స్థూలంగా నిజమే, కానీ ఈ రెండు వర్గాల మధ్య తేడా అనుకున్నంత ఉండదు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో ప్రచురించిన పట్టికల ప్రకారం అప్పుడే పుట్టిన జాక్ రస్సెల్ సగటు ఆయుర్దాయం 12.72 ఏళ్లు, లాబ్రడార్‌ది 11.77 ఏళ్లు. ఏడాది తేడా. అసలు తేడా ఆయుష్షులో కంటే ముసలితనంలో ఉంది. వెనక కాళ్లు పట్టు తప్పిన టెర్రియర్‌ను చంకన పెట్టుకుని మెట్లు దింపవచ్చు, రాత్రి రెండుసార్లు బయటికి తీసుకుపోవచ్చు. అదే స్థితిలో ఉన్న ముప్పై కిలోల కుక్కను ఎత్తడానికి ఇద్దరు కావాలి. మెట్లు ఎక్కి వెళ్లే ఇంట్లో ఒంటరిగా ఉండేవారు పదేళ్ల తరువాతి ఆ రోజులను ఇప్పుడే ఊహించుకోవాలి. చురుకైన కుక్కపిల్లను చూసినప్పుడు ఈ ఆలోచన రాదు, కానీ ఆ రోజు తప్పకుండా వస్తుంది, ఆ రోజున కుక్కకు మన చేతులు తప్ప మరో ఆధారం ఉండదు.

వీటన్నిటినీ కలిపి చూస్తే కొన్ని అభిప్రాయాలు స్థిరంగానే చెప్పవచ్చు. మొదటిసారి కుక్కను పెంచేవారికి, రోజూ రెండు గంటలు నిజంగా కేటాయించగలిగితే, ప్రదర్శన వంశానికి చెందిన రిట్రీవర్ చాలా టెర్రియర్లకంటే సులువు. ఆ సమయం లేదు, చోటూ తక్కువే, కానీ కుక్క చేసే అల్లరిని ఆటగా తీసుకుని రోజుకు నాలుగైదుసార్లు దానితో కూర్చునే ఓపిక ఉంది అంటే బోర్డర్ టెర్రియర్ వంటిది సరిపోతుంది. టెర్రియర్లలో అది సాటి కుక్కలతో కొంత సర్దుకుపోయే జాతి. సమయమూ ఓపికా రెండూ లేనివారికి టెర్రియర్ చిన్నది కాబట్టి నడుస్తుందని చెప్పడం వారికీ కుక్కకూ అన్యాయం. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, విజ్లా, వైమరానర్ వంటి తుపాకీ వేట జాతులు అందంగా, హుందాగా కనిపించి మనసు దోచుకుంటాయి, కానీ మనిషిని వదిలి ఉండలేని స్వభావం వీటిది. రోజంతా తాళం వేసి ఉండే ఇంటికి వీటిని తేవడం తగదు. వాసన పట్టే జాగిలం కావాలనుకునేవారు గొలుసు లేకుండా తిప్పాలన్న కోరికను ముందే వదులుకోవాలి. ఇంట్లో ఇప్పటికే ఒక టెర్రియర్ ఉంటే, రెండో కుక్కగా అదే లింగానికి చెందిన మరో టెర్రియర్‌ను తేవడం గొడవలకు దారి తీయవచ్చు; ఓర్పుగల రిట్రీవర్ తోడైతే నయం, అయితే ఆటలో పెద్దదాని బరువు చిన్నదాని వెన్ను మీద పడకుండా మొదటి నెలలు గమనిస్తూ ఉండాలి.

కుక్కపిల్లలను చూడటానికి వెళ్లినప్పుడు చూపు పిల్లల మీద కాకుండా తల్లి మీద ఎక్కువసేపు నిలపాలి. కొత్తవారు గదిలోకి వస్తే తల్లి ఏం చేస్తుంది, చేతిలోని వస్తువు నేల మీద పడి చప్పుడైతే ఎంతసేపట్లో తేరుకుంటుంది, పెంపకందారు పిలిస్తే తినేది వదిలి వస్తుందా అన్నవి గమనిస్తే పిల్లల గురించి చాలా తెలుస్తుంది. తల్లిని చూపడానికి ఇష్టపడని చోట పిల్లను తీసుకోకూడదు. ఆశ్రయ కేంద్రంలో రెండు మూడేళ్ల వయసున్న కుక్క దొరికితే ఊహించవలసిన పని ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే అది ఎంత లాగుతుందో, పిల్లిని చూస్తే ఏం చేస్తుందో, ఒంటరిగా ఉంటే మొరుగుతుందో లేదో అక్కడివారికి అప్పటికే తెలుసు. అలాంటి కుక్కను ఒక్కసారి చూసి నిర్ణయించకుండా, కుటుంబమంతా వెళ్లి వేరువేరు రోజుల్లో కనీసం మూడుసార్లు నడిపించి, అందులో ఒక నడక ఇతర కుక్కలు తిరిగే దారిలోనూ, మరొకటి పక్షులు, ఉడుతలు ఉండే చెట్ల మధ్యా ఉండేలా చూసుకోవాలి.